ఆరు చూపించిన డబ్బ

ముందుగాల్నే చెప్తున్న, నాకు రాసుడు రాదు. ఐదో తరగతి నడుమల్నే నా బడి బంద్ అయింది. బిల్లు బుక్కుల గ్యాస్ ఫిల్లింగ్, సర్వీసింగ్, కెపాసిటర్ అని రాసుకునేంత వరకే నా రాత. ఒత్తు యాడ పెట్టాల్నో, యాడ వద్దో ఎన్నడు సమజ్ కాలే. తప్పులు కనబడితె మీరే సక్కగ చేసుకొని సదువుకోండ్రి.

ఇది రాయమన్నది ఒక సినిమా రైటర్ సారు. ఆయన ఆఫీసుల ఏసీ కడుగుతుంటె మాటల మాటల ఈ సంగతి చెప్పిన. సారు టీ తాగుడు ఆపి కప్పు పక్కకు పెట్టిండు. "నేను రాస్తే ఇందులో ఒక పాటా ఒక ఫైటూ వచ్చి చేరతాయి. నువ్వే రాయి. నాతో ఎలా చెప్పావో అలాగే రాయి" అన్నడు. నాతోని కాదు సార్ అన్న. "అది రాయకుండా తిరుగుతున్నావు కాబట్టే నా ఏసీకి నీళ్లు కారుతున్నాయి" అన్నడు. నవ్వనీకి అన్నడు గని నవ్వలేదు. పిల్లల నోట్ బుక్కు ఒకటి కొనుక్కొచ్చిన. మొదటి పేజీ నాలుగుసార్లు చింపిన.

నేను ఫిల్మ్ నగర్ బస్తీల ఉంట. ఏసీలు, ఫ్రిజ్జులు బాగుచేస్త. జూబ్లీహిల్స్ బంగ్లాల ఏసీలు, హోటళ్ల డీప్ ఫ్రీజర్లు, షూటింగ్ కాడ హీరోలు కూసునే వ్యాన్ల ఏసీలు. ఇంకొక పని కూడ చేస్త గని అది అందరికి చెప్పను. సచ్చిపోయినోళ్లను పండబెట్టే ఐస్ డబ్బలు రిపేర్ చేస్త. టోలిచౌకిల ఒక సేటు వాటిని కిరాయికి ఇస్తడు. ఆయన దగ్గర మూడు ఉన్నయి. పైన అద్దం, లోపల స్టీలు పళ్లెం, కింద మిషన్, పక్కకు ఎర్ర లైట్ల అంకె చూపిచ్చే బోర్డు.

ఆ అంకె యాడికెల్లి వస్తదో జర చెప్పాలె, లేకుంటె తర్వాతది సమజ్ కాదు. లోపల ఎంత సల్లగ ఉందో బోర్డుకు చెప్పేది ఒక చిన్న గింజ. మిరియం కన్న జర పెద్దగ ఉంటది, నల్లగ, దానికి రెండు సన్న వైర్లు. మేము సెన్సార్ అంటం. కోఠిల అమ్మేటాయన థర్మిస్టర్ అంటడు. దాంట్ల మోటర్ లేదు, పాదరసం లేదు. వేడి తగిలితె కరెంటుకు తొవ్వ ఇడుస్తది, సల్లబడితె అడ్డం పడ్తది. ఎంత అడ్డం పడ్డదో లెక్క చూసి బోర్డు అంకె వేస్తది. బోర్డుకు వేరే ఆధారం లేదు. గింజ ఏది చెప్తె అదే దానికి నిజం.

నాకు పని నేర్పిన ఉస్తాద్ స్టీలు గిలాసల మంచుగడ్డలు, నీళ్లు వేసి గింజను ముంచి మీటర్ పెట్టి చూపిచ్చేటోడు. మంచు నీళ్లల్ల అడ్డం లెక్క ముప్పై వేల దగ్గర నిలబడేది. "ఇప్పుడు తీసి పిడికిట్ల పట్టుకో" అనేటోడు. పట్టుకుంటె మీటర్ల అంకె దిగుడు మొదలువెట్టేది. ఇరవై వేలు, పదిహేను, పది, ఇంకా కిందికి. "చూసినవారా, నీ పానం దానికి తెలుస్తున్నది" అనేటోడు. నాకు మస్తు సంబురం అయ్యేది. పని లేనప్పుడు ఊకె పిడికిట్ల పట్టుకొని చూసేటోన్ని.

ఆ గింజలకు నీళ్లంటె పడదు. తడి లోపలికి పోతె పిచ్చి లెక్కలు చెప్తయి. అసలైతె కొత్తది తెచ్చి పెట్టాలె. గని మా పనోళ్లకు ఒక జుగాడ్ ఉంది, అప్పటికి గట్టెక్కే ఉపాయం. గింజ తీసి పారేసి, దాని జాగల మామూలు రెసిస్టర్ ముక్క అతుకుతం. సన్నగ పుల్ల తీరు ఉంటది, మీద రంగు గీతలు. దానికి వేడి తెల్వదు, సలువ తెల్వదు, ఎప్పుడు ఒక్క తీరే అడ్డం పడ్తది. ఇరవై రెండు వేలది పెడితె బోర్డు ఆరు డిగ్రీలని చూపిస్తది. ఎండల పెట్టినా ఆరే, పొయ్యి మీద పెట్టినా ఆరే. డబ్బ రెండు డిగ్రీలకు సెట్ చేసి ఉంటది. ఆరు కనబడితె ఇంకా సల్లగ కాలేదనుకొని మిషన్ ఆగకుండ నడుస్తది. పార్టీ, అంటె కిరాయికి తీసుకునేటోళ్లు, చూస్తె అంకె మంచిగ ఉంటది. రెండు దినాల అసలుది పెడ్త అని చెప్పి మేము ఎల్లిపోతం. నడుస్తున్న మిషన్‌ను ముట్టుకోవద్దు అని మా పనోళ్లల్ల ఒక మాట ఉన్నది. ఆ మాట మీద రెండు దినాలు రెండు నెలలు అయితయి.

ఎండకాలం మొదల్ల ఒకదినం సేటు ఫోన్ చేసిండు.

"ఉస్తాద్, రెండో నంబర్ డబ్బ డెబ్బై డిగ్రీలు చూపిస్తున్నది. నేను సచ్చినోళ్లను ఉడకబెట్టనీకి కిరాయికి ఇస్తున్ననా?"

"సెన్సార్‌ల నీళ్లు పోయినయి సేట్. రేపు కోఠి పోయి తెస్త."

"రేపు ఏంది, పార్టీ వచ్చి గేటు కాడ నిలబడ్డది. అర్ధ గంట. జర చూడు."

పోయిన. ఇరవై రెండు వేల ముక్క అతికి నల్ల టేపు చుట్టిన. ఆరు వచ్చింది. రెండు దినాల అసలుది పెడ్త అన్న. సేటు నవ్విండు. "నీ రెండు దినాలు నాకు తెల్సు ఉస్తాద్" అన్నడు.

ఆ డబ్బ తర్వాత చాలా ఇండ్లకు పోయింది. ఏం కాలే. సాయంత్రం పెడితె మల్ల పొద్దుగాల ఎత్తుతరు, ఒక్కదినం కన్న ఎక్కువ ఎవరు ఉంచుకోరు. నేను మర్చిపోయిన అని రాస్తె అబద్ధం అయితది. రెండుసార్లు కోఠి పోయిన, రెండుసార్లు వేరే సామాన్ కొనుక్కొని వచ్చిన.

మా గోడను ఆనుకొని ఉన్న రూముల ఒకాయన కిరాయికి ఉండేటోడు. షూటింగులల్ల లైట్ మ్యాన్. గోదావరి దిక్కు మనిషి, నా కన్న నాలుగేండ్లు చిన్న. ఏ సుట్టరికమో తెల్వదు గని నన్ను బావా అని పిలిచేటోడు. నా మాటను ఎక్కిరిచ్చేటోడు. "ఏంది బావా, గిట్లయింది, గట్లయింది" అని. నేను "ఏంటండీ, అలాగాండీ" అని మల్ల ఎక్కిరిచ్చేటోన్ని. పదిహేనేండ్లు ఇదే మాట, ఇద్దరికి ఎన్నడు ఇసుగు రాలే. ఆయన తోటి ఆయన అక్క ఉండేది. మొగుడు పోయినామె, షూటింగ్ భోజనాల కాడ గిన్నెలు కడుగుతది. ఆయనకు పిల్లలు లేరు. భార్య కువైట్‌ల ఒక ఇంట్ల పని చేస్తది. పోయి నాలుగేండ్లు అయింది. శుక్రవారం ఆమెకు పని తక్కువుంటది, వీడియో ఫోన్ చేస్తది. మా గల్లీల సిగ్నల్ దొరకదని ఆయన ఫోన్ పట్టుకొని గుట్ట మీదికి ఎక్కి అటు ఇటు తిరిగేటోడు. కిందికెల్లి మేము నవ్వేటోళ్లం.

జూన్ల మిరుగు వానలు మొదలైన వారం, మధ్యాహ్నం పూట, సెట్టుల లైట్లు కట్టి మంచె మీదికెల్లి దిగిండట. నీళ్లు తాగుతనని కూసున్నడు. గిలాస చేతిల ఉండంగనే పక్కకు ఒరిగిండు. దవాఖానకు తీసుకపోయే వరకు ఏం లేదు. గుండె అన్నరు.

సాయంత్రం రూముకు తెచ్చిండ్రు. అక్క కువైట్‌కు ఫోన్ చేసింది. చెప్పలేక నా చేతికి ఇచ్చింది. నేను చెప్పలేక మల్ల ఆమెకే ఇచ్చిన. అవతల ఆమె అట్లనే అర్థం చేసుకున్నది. చాలాసేపు ఏడుపు. తర్వాత ఒక్కటే అడిగింది. ఆమె పాస్‌పోర్ట్ ఆ ఇంటి యజమాని దగ్గర ఉన్నది, అది తీసుకొని టికెట్ దొరికి వచ్చే వరకు మూడు దినాలు పడ్తది.

"నేను వచ్చేదాకా మట్టిలో పెట్టొద్దు వదినా. నాలుగేళ్లయింది. ఒక్కసారి మొహం చూస్తాను. ఇంకేం అడగను."

అక్క నా దిక్కు చూసింది. "తమ్ముడూ, నీకు ఆ డబ్బాల వాళ్లు తెలుసు కదా" అన్నది. నేను బయటికొచ్చి సేటుకు ఫోన్ చేసిన.

"ఒక్కటే ఉన్నది ఉస్తాద్, రెండో నంబర్. పంపిస్త."

"వేరేది లేదా సేట్?"

"ఒకటి మెహదీపట్నం పోయింది. ఇంకొకదాంట్ల గ్యాస్ లేదు, అది నువ్వే చెయ్యాలె. ఎందుకు, ఏమైంది? మంచిగనే నడుస్తున్నది గదా."

"ఏం లేదు, పంపు" అన్న.

ఆ ఒక్క మాట కాడ ఆగి నేను మస్తుసార్లు ఆలోచన చేసిన. సేట్, దాంట్ల అసలు సెన్సార్ లేదు అని చెప్తె అయిపోతుండె. నా దుకాణంల ఒక పాత ఏసీ ఉన్నది, దాంట్ల సరిపోయే గింజ ఉన్నది. అది కూడ నాకు అప్పుడు యాదికి ఉన్నది. గని డబ్బ వచ్చే వరకు రూము నిండ జనం. అది మార్చాలంటె మిషన్ బంద్ చేసి ఎన్క పలక ఇప్పాలె. ఏమైంది ఉస్తాద్ అని అడుగుతరు. బస్తీల నాకు ఉన్నదే ఆ పేరు ఒక్కటి. నేను ప్లగ్ పెట్టిన, మిషన్ నడిచింది. అద్దం కింద ఆయన ముఖం కనబడ్తున్నది. పక్కకు ఎర్రగ ఆరు.

అక్కకు కండ్లు సరిగ ఆనవు. మాటిమాటికి అడిగేది.

"ఎంతుంది తమ్ముడూ?"

"ఆరు ఉన్నదక్కా. ఫికర్ చెయ్యకు."

తెల్లారి దినమంతా నేను ఆడనే కూసున్న. చర్చి వాళ్లు వచ్చి పాటలు పాడి పోయిండ్రు. ఆయన తోటి పని చేసే లైట్ మ్యాన్లు గుంపుగ వచ్చి తలుపు కాడ నిలబడ్డరు. ఏం మాట్లాడాల్నో తెల్వనప్పుడు మొగోళ్లు మిషన్ గురించి మాట్లాడ్తరు. వాళ్లల్ల ఒకాయన వంగి అంకె చూసి, "పొద్దుట్నుంచీ చూస్తున్నాను, ఆరు మీద నుంచి ఒక్క పాయింటు కదల్లేదండీ. మా హీరో గారి మూడ్ కన్నా నయం" అన్నడు. ఇంకొకాయన "మరి ఉస్తాద్ చేతిపని కదా" అన్నడు. ఒకరిద్దరు నవ్విండ్రు. ఆ మాట పోయినాయన ఇని ఉంటె ఆయన కూడ నవ్వేటోడు. నేను బయటికి పోయి నల్లా కాడ ముఖం కడుక్కున్న.

ఎవరన్నా ఆలోచన చెయ్యొచ్చుండె. తలుపు తీస్తుంటరు, వేస్తుంటరు, పూలు పెట్టనీకి అద్దం లేపుతుంటరు, వానకాలం ఉక్కపోత. సక్కగున్న డబ్బల అంకె నాలుగుకు పోతది, ఏడుకు పోతది. కదలని అంకెను చూసి మెచ్చుకున్నరే గని, ఎందుకు కదలదు అని ఒక్కరు అడుగలే. తెలిసినోన్ని నేనొక్కన్నే. నేను మాట్లాడలే.

ఆమె కువైట్ నుంచి రెండు మూడు గంటలకొకసారి వీడియో చేసేది. అక్క ఫోన్ అద్దం మీదికి పట్టేది. అద్దం మీద మంచు తేమ పట్టి ముఖం మసక మసకగ ఉండేది. "సరిగ్గా కనిపించట్లేదు వదినా, తుడవండి" అనేది. అక్క కొంగుతోటి తుడిచేది. నిమిషంల మల్ల తేమ పట్టేది. అద్దం మీద తేమ పడ్తున్నదంటె లోపల సల్లగ ఉన్నట్టు. అది చూసి నాకు ధైర్యం వచ్చింది. ఇంకొక్క దినం గట్టెక్కితె చాలు అనుకున్న.

మరుసటి దినం పొద్దుగాల షూటింగ్ కాడికెల్లి ఫోన్ వచ్చింది. హీరో వ్యాన్ల ఏసీ పని చేస్త లేదు, తొందరగ రమ్మన్నరు. అక్కకు చెప్పి లేచిన. పోయే ముందర డబ్బ దిక్కు చూసిన. అద్దం మీద తేమ ఉన్నది. మిషన్ నడుస్తున్నది. గని దాని గొంతు జర బరువుగ ఉన్నది. లోపల గాలి ఆడకపోతె మిషన్ గట్లనే మూలుగుతది. ఇరవై ఐదేండ్లు ఆ గొంతులు ఇన్నోన్ని. నాకు ఇనబడ్డది. ఇనబడనట్టు చెప్పులు తొడుక్కున్న.

వ్యాన్ల కూడ సెన్సారే పోయింది. మేనేజర్ నా నెత్తి మీద నిలబడ్డడు. "జుగాడ్లూ గిగాడ్లూ వద్దు, ఒరిజినల్ పెట్టు" అని బండి ఇచ్చి ఒక మనిషిని కోఠి పంపిండు. గంటన్నరల కొత్త గింజ వచ్చింది. మంచు నీళ్లల్ల ముంచి, మీటర్ పెట్టి, చూసి మరీ అతికిన. మూడు నెలలల్ల నాకు దొరకని గంటన్నర అది. అన్నం తిని పొమ్మన్నరు, తిన్న. ఇంకొక వ్యాన్ చూడమన్నరు, చూసిన. ఇంటికి వచ్చే వరకు మూడున్నర అయింది.

తలుపు కాడ్నే ఆగిపోయిన. అక్క ఒక చేత్తోటి ఫోన్ అద్దం మీదికి పట్టింది, ఇంకొక చేత్తోటి పాత తువాల పట్టుకొని నేల మీద నీళ్లు తుడుస్తున్నది. డబ్బ కిందికెల్లి నీళ్లు కారుతున్నయి. ఫోన్ల ఆమె గొంతు.

"ఇవ్వాళ అద్దం ఎంత శుభ్రంగా ఉంది వదినా. అంతా కనిపిస్తుంది. గడ్డం కూడా కనిపిస్తుంది. నిద్రపోతున్నట్టే ఉన్నాడు. ఇంకొంచెం దగ్గరికి పెట్టండి."

అద్దం మీద ఒక్క చుక్క తేమ లేదు. రూముల మిషన్ సౌండ్ లేదు. అంకె ఆరు.

ఆమె ఫోన్ పెట్టే వరకు నేను తలుపు పట్టుకొని నిలబడ్డ. ఆమె చాలాసేపు చూసింది. ఆయన తోటి మాట్లాడింది. ఏం మాట్లాడిందో నేను రాయను.

ఫోన్ పెట్టినంక పోయి అద్దం మీద చెయ్యి పెట్టిన. మామూలు కిటికీ అద్దం లెక్కనే ఉన్నది.

"అక్కా, సౌండ్ ఎప్పుడు ఆగింది?"

"పదకొండు గంటలకో ఏమో తమ్ముడూ. బాగా చల్లబడింది కాబోలు, అదే ఆగిందిలే అనుకున్నాం. పక్కింటి అమ్మాయిని అంకె చూడమన్నాను. ఆరే ఉందంది."

ఎన్క పలక ఇప్పిన. లోపల పైపుల మీద గోడ లెక్క మంచు కట్టి ఉన్నది. ఆగకుండ నడిచి నడిచి, వానకాలం తేమంతా దాని మీదనే గడ్డకట్టింది. ఫ్యాన్ ఆ మంచుల ఇరుక్కున్నది. సల్లదనం మంచుల్నే ఉండిపోయింది, ఆయన దగ్గరికి పోలే. ఆకరికి మిషన్ కాగి ఆగిపోయింది. అసలు గింజ ఉంటె మిషన్ మధ్య మధ్యల ఆగేది, మంచు కరిగేది, ఏం కాకపోతుండె. గాలి ఆడుడు ముందటి రాత్రే బంద్ అయి ఉంటదని అంచన వేసిన. రూముల ఎవరో సెంటు సీసా తెచ్చి కొడ్తున్నరు. ఎందుకు అని ఎవరు అడుగుత లేరు.

దుకాణానికి ఉరికిన. పాత ఏసీల గింజ పీకిన. వచ్చి, నీళ్లు పోసి మంచు కరిగిచ్చిన. నల్ల టేపు ఇప్పి ముక్కను కత్తిరిచ్చి గింజను అతికిన. అతికిన క్షణంల ఆరు పోయి ఇరవై ఆరు వచ్చింది.

రూముల అందరు చూసిండ్రు. అక్క కండ్లద్దాలు తెమ్మని పెట్టుకొని వంగి చూసింది.

"రెండు, ఆరు. ఇదేంటి తమ్ముడూ?"

"ఇరవై ఆరక్కా."

"ఇందాకటిదాకా ఆరే కదా. నువ్వే చెప్పావు కదా."

"ఆరు అబద్ధమక్కా."

ఆమెకు సమజ్ కాలే. నేను ఆ రెసిస్టర్ ముక్కను అరచేతిల పెట్టి చూపిచ్చిన. దీనికి వేడి తెల్వదక్కా, లోపల మంటవెట్టినా ఇది ఆరే చెప్తది అన్న.

"ఎవడు పెట్టాడు దీన్ని?"

"నేనే పెట్టిన. మూడు నెలలాయె."

"నిన్న నీకు తెలుసా?"

"తెల్సు."

కొడ్తదనుకున్న. తిడ్తదనుకున్న. ఆమె అద్దాలు తీసి కొంగుతోటి తుడుచుకొని మల్ల పెట్టుకున్నది. "వాడు నిన్ను బావా అనేవాడు" అన్నది. అంతే. మల్ల మెల్లగ, నాకొక్కనికే ఇనబడేటట్టు చెప్పింది. "రేపు ఆ అమ్మాయి వస్తుంది. దాని ముందు నోరు తెరిచావంటే ఊరుకోను. అది తట్టుకోలేదు."

ఐస్ గడ్డలు తెప్పిచ్చి చుట్టూ పేర్చినం. మిషన్ సల్లారి మల్ల నడిచింది. అంకె మెల్లగ దిగింది. ఇరవై, పదిహేడు, పన్నెండు. పొద్దుమూకినంక రెండు దాక దిగి నాలుగు, మూడు, రెండు అని కదులుడు మొదలువెట్టింది. ఈసారి అది నిజమే చెప్తున్నది. గని అంకె దిగితె సల్లబడ్తది గని, అయింది ఎన్కకు పోదు. పాస్టర్ గారు వచ్చి అద్దంల చూసి, తల తిప్పుకొని, అక్కను బయటికి పిలిచిండు.

తెల్లారి ఆమె వచ్చే గంట ముందర పెట్టెల పెట్టి మూత బిగిచ్చిండ్రు. ముఖం మీద తెల్లబట్ట కప్పిండ్రు. మేకులు కొట్టేటప్పుడు నేను గల్లీ చివర్న నిలబడ్డ. గోడలకు తాకి ఆ సప్పుడు ఆడిదాక వచ్చింది.

ఆమె ఎయిర్‌పోర్ట్ నుంచి నేరుగ వచ్చింది, చేతిల చిన్న సంచి. రూములకు వచ్చి పెట్టె చూసింది. డబ్బ లేదు.

"మూత తియ్యండి."

"వద్దమ్మా" అన్నది అక్క. "ఫోన్లో చూశావు కదా. నిన్న ఎంత బాగా చూశావు. అలాగే గుర్తుపెట్టుకో."

"ఫోన్లో చూడ్డానికా వదినా నేను వచ్చింది?"

పాస్టర్ గారు వానలనీ, మూడు దినాలనీ ఏదో చెప్పిండు. ఆమె పెట్టె మీద రెండు చేతులు పెట్టి, చెవి ఆనిచ్చి కూసున్నది. తర్వాత తలెత్తి రూమంతా చూసి నా దగ్గర ఆగింది.

"అన్నయ్యా, మీకు మిషన్ల సంగతి తెలుసు. ఆయన ఎప్పుడూ చెప్పేవారు, మా బావ చెయ్యి పెడితే మిషన్ మాట వింటుందని. మీరు చెప్పండి. ఆ డబ్బా పని చేసిందా?"

అక్క నా దిక్కు చూడలే. గోడ దిక్కు చూసింది.

"చేసింది చెల్లె" అన్న. "ఆరు మీదనే ఉండె."

ఆమె తలూపింది. నా మాట మీద నమ్మకంతోటి తలూపింది. మూత తియ్యమని మల్ల అడుగలే. మధ్యాహ్నం వానల్నే తీసుకపోయి మట్టి చేసినం.

పదిహేను దినాలుండి ఆమె మల్ల కువైట్ పోయింది. అక్క ఊరికి పోయింది. పక్క రూముకు వేరేటోళ్లు వచ్చిండ్రు. నేను తిరిగిన. యాడ యాడ ఆ ముక్కలు పెట్టిన్నో యాదికి తెచ్చుకొని ఒక్కొక్కటి పీకి అసలుది పెట్టిన. పూల దుకాణం, ఐస్ క్రీం పార్లర్, ఒక మెడికల్ షాపు ఫ్రిజ్జు. మెడికల్ షాపాయన "నడుస్తుంది కదండీ, ఎందుకు కెలుకుతారు" అన్నడు. ఆయనకు రోజూ అంకె చూసుకునే అలవాటున్నది. మందులన్ని సల్లగ ఉన్నయనుకుంటున్నడు. ఆ ఫ్రిజ్జుల అసలు లెక్క పదిహేడు వచ్చింది. సేటు మిగిలిన డబ్బలు చూస్తె ఒకదాంట్ల కూడ అదే జుగాడ్. అది నేను పెట్టింది కాదు. మా పనోళ్లల్ల ఎవరు పెట్టిండ్రో, అడిగితె ఎవరు చెప్పరు.

నాకు నిద్ర సరిగ లేదు. తిండి పోత లేదు. ఈ సంగతి ఇంట్ల చెప్తె నా భార్య "అక్క వద్దన్నది గదా, ఇప్పుడు చెప్పి ఎవర్ని బతికిస్తవ్" అన్నది. ఆమె మాట ఖరాబ్ మాట కాదు. గని ఆరు మీదనే ఉండె అని నేను చెప్పిన మాట కువైట్‌ల చెల్లె నమ్మి, దాని మీద బతుకుతున్నది. బోర్డు ముక్కను నమ్మినట్టు.

రెండు నెలలైనంక ఒక శుక్రవారం నేనే గుట్ట మీదికి ఎక్కి ఆమెకు ఫోన్ చేసిన. బాగోగులు అడిగింది. నేను మొత్తం చెప్పిన. గింజ, ముక్క, మూడు నెలలు, మంచు, ఇరవై ఆరు. పొద్దుగాల మిషన్ గొంతు బరువుగ ఉండుడు ఇన్నది కూడ చెప్పిన. అది అక్కకు కూడ చెప్పలే. ఫోన్ కట్ అయిందనుకొని రెండుసార్లు హలో అన్న.

"ఉన్నాను" అన్నది.

తర్వాత అడిగింది. "అయితే ఆ రోజు ఫోన్లో అంత బాగా కనిపించింది అందుకేనా అన్నయ్యా? లోపల చల్లగా లేదు కాబట్టి అద్దం మీద మంచు పట్టలేదా?"

"అవును చెల్లె."

"నేను నిద్రపోతున్నాడు అన్నాను."

"అన్నవు."

"మీరు అప్పుడు అక్కడే ఉన్నారా?"

"తలుపు కాడ ఉన్న."

ఆమె ఇంకేం అడుగలే. ఆ ఇంటామె ఎవరో పిలుస్తున్న సప్పుడు ఇనబడ్డది, ఏదో భాషల. ఆమె ఫోన్ పెట్టేసింది. మల్ల చెయ్యలే. నేను రెండుసార్లు చేసిన, ఎత్తలే. మూడోసారి చెయ్యలే, ఆమెకు ఇష్టం లేని దాన్ని చేసుడు తప్పనిపిచ్చింది.

సదివినోళ్లకు దండం. అక్షరాలు తప్పు పోయి ఉంటయి, ఒక్క మాటనే రెండుసార్లు రాసి ఉంట. వాటి వరకు మాఫ్ చెయ్యిండ్రి. మిగిలిందానికి మాఫీ ఇచ్చేది మీరు కాదు, మిమ్మల్ని అడుగ కూడ అడుగను.